మ్యూరు గ్రంథము – దానిని చదివినవారు

1869వ సంవత్సరము ఆగస్టు మాసమున లండను నగరమునుండి మీర్జాపురమునకు ఒక యుత్తరము బయలుదేఱెను. వ్రాసినవాడు సయ్యదు అహమ్మదు ఖాను. అందుకొనవలసినవాడు ఆయన ప్రాణమిత్రుడును, అప్పటికి మీర్జాపురమున డిప్యూటీ కలెక్టరును అగు మెహదీ అలీ. సర్ విలియం మ్యూరు వ్రాసిన మహమ్మదు ప్రవక్త జీవితచరిత్రమును తాను చదువుచున్నాననియు, అందలి పక్షపాతమును చూచి హృదయము దహించుకొనిపోవుచున్నదనియు, చేతిలోని ధనమంతయు పోయి బిచ్చమెత్తవలసివచ్చినను దానికి ప్రత్యుత్తరము వ్రాయక మాననియు ఆ యుత్తరపు సారాంశము. ఇంటనున్న సామానును, రాగిపాత్రలను సైతము అమ్మియైనను డబ్బు పంపవలసినదని ఆ కాలపు ఉత్తరములలో ఆయన స్వదేశమునకు వ్రాసెను. ఇంగ్లండు ప్రయాణమునకే ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, తన గ్రంథములమ్మి వచ్చియుండెను. అప్పటి కాయనకు ఏబదిరెండవ యేడు నడచుచుండెను.

పుస్తకము చదివి మనస్సు నొచ్చుకొనువారు లోకమున కోకొల్లలు. నొచ్చిన మనస్సుతోనే గ్రంథాలయమునకు పోయి, పుటల యడుగున చిన్న యక్షరములలో నిచ్చిన ఆధారములను ఒక్కొక్కటిగా విప్పి చూచువారు మిక్కిలి అరుదు. ఒక మతముయొక్క చరిత్రమును అన్యమతస్థుడు విమర్శదృష్టితో వ్రాసినపుడు, ఆ మతమువాడైన చదువరి చేయదగిన పని యేది యను ప్రశ్న మన యిండ్లలోను తఱచుగా వచ్చునదే. కావున మ్యూరు గ్రంథమును ఎవరెవరు ఎట్లు చదివిరో, చదివి ఏమి చేసిరో కొంత వివరముగా చెప్పదలచితిని.

మ్యూరు సామాన్యుడు కాడు. స్కాట్లండు దేశస్థుడు. 1819లో జన్మించి, 1837లో బంగాళా సివిలు సర్వీసున చేరి, ఉత్తరహిందూస్థానమున క్రమక్రమముగా పైపదవుల కెక్కినవాడు. 1857లో సిపాయిలు తిరుగబడినపుడు ఆగ్రా కోటలో చేరిన దొరలకు వేగువార్తలు సమకూర్చు శాఖ ఆయన చేతిలోనే యుండెను. దినమంతయు కచ్చేరి పని చేసి, మిగిలిన వేళలయందు అరబ్బీ గ్రంథములు చదువుట ఆయన వాడుక. ఆ చదువుయొక్క ఫలమే 1858, 1861 సంవత్సరముల మధ్య లండనున అచ్చుపడిన నాలుగు సంపుటముల ప్రవక్తచరిత్రము. దీనిని వ్రాయుమని తన్ను పురికొల్పినవాడు ఫాండరు అను జర్మను మిషనరీ యని మ్యూరే పీఠికలో దాపఱికము లేక చెప్పుకొనెను. ఈ ఫాండరే 1854 ఏప్రిలులో ఆగ్రాలో మౌలానా రహమతుల్లాతో బహిరంగవాదము చేసినవాడు. ఆ వాదములో ఒక విచిత్రము జరిగెను. మౌలానాకు తోడ్పడిన డాక్టరు వజీరు ఖాను, యూరపు పండితులు బైబిలునుగూర్చి వ్రాసిన విమర్శగ్రంథములనే సంపాదించి చదివివచ్చి, వానితోనే మిషనరీని ఎదుర్కొనెను. చరిత్రవిమర్శ యను కత్తికి రెండువైపులను పదునున్నదని ఫాండరుకు ఆనాడే తెలిసియుండును.

గ్రంథము వెలువడిన కాలమును మఱవరాదు. తిరుగుబాటు అప్పుడే అణగినది. దానికి ముసల్మానులే మూలమని దొరలలో చాలమంది నమ్ముచుండిరి. అట్టి తరుణమున, పెద్ద యుద్యోగియు అరబ్బీ తెలిసినవాడును అగు క్రైస్తవుడొకడు, ఇస్లాము మతము నాగరకతకును స్వాతంత్ర్యమునకును విరోధి యని తీర్పు చెప్పినచో ఆ తీర్పు గ్రంథాలయమునందే నిలిచియుండదు. కచ్చేరులలోనికిని, పాఠశాలలలోనికిని నడచివచ్చును. సయ్యదు అహమ్మదును బాధించిన విషయ మిదియే. ఇంగ్లీషు చదువుకొను ముసల్మాను బాలురు ఈ పుస్తకమును చదువుదురు. తమ యింట విన్నది ఒకటి, ఇందున్నది వేఱొకటి. ఏది నిజమో చెప్పువాడు వారి కెవడును లేడు. ఈ భయమునే ఆయన తన గ్రంథపు పీఠికలో వెల్లడించెను.

ఆధారముల సంగతి కొంత తెలిసికొననిదే తరువాతి వాదము బోధపడదు. ప్రవక్త 632లో నిర్యాణమందెను. ఆయన చరిత్రమును సమగ్రముగా కూర్చినవారిలో మొదట ఎన్నదగినవాడు ఇబ్న్ ఇస్‌హాకు. ఇతడు సుమారు 767లో చనిపోయెను. అనగా ప్రవక్తకును ఈతనికిని నడుమ నూటముప్పది యేండ్లకు పైబడిన కాలము కలదు. ఇతని గ్రంథము పూర్ణరూపమున మనకు దక్కలేదు. తరువాతివాడగు ఇబ్న్ హిషాము దానిని సంస్కరించి, కొన్ని భాగములు విడిచి, వ్రాసిన ప్రతియే లోకమున నిలిచినది. వాకిదీ అనునాతడు యుద్ధముల వృత్తాంతములు కూర్చెను. అతని లేఖకుడు ఇబ్న్ సాదు. వీరికి దాదాపు నూఱేండ్ల తరువాతివాడు తబరీ. ఇవిగాక హదీసు గ్రంథములు వేఱు. వానియందు ప్రతి వాక్యమునకు ముందు ఎవరినుండి ఎవరు వినిరో ఆ పరంపర చెప్పబడియుండును. పరంపరలోని మనుష్యుల సత్యసంధతను పరీక్షించుటకు ముసల్మాను పండితులు ఒక ప్రత్యేకశాస్త్రమునే కల్పించుకొనిరి. చరిత్రకారులు మాత్రము అంత పట్టుదల చూపక, కథ రసవత్తరముగా నున్నచో చేర్చుకొనుచు వచ్చిరి. హదీసు పండితులు వాకిదీని నమ్మదగనివాడని త్రోసివేసిరి కూడ.

మ్యూరు వ్రాయుటకు మొదలుపెట్టిన దినములలో ఈ గ్రంథములలో పెక్కింటికి అచ్చుప్రతులు లేవు. ఇబ్న్ హిషాము గ్రంథమును జర్మనీలో వూస్టెన్‌ఫెల్డు పండితుడు 1858లో ప్రకటింప నారంభించెను. ఆస్ట్రియా దేశమువాడగు స్ప్రెంగరు ఢిల్లీ కళాశాలకు అధ్యక్షుడుగా వచ్చి, లక్నో, కాన్పూరు మొదలగు చోట్ల పాతపుస్తకములను గాలించి, ఇబ్న్ సాదు ప్రతిని వెలికి తీసెను. ఆ ప్రతులను మ్యూరు అరబ్బీలోనే చదివెను. అంతకు పూర్వము ఇంగ్లీషులో ప్రవక్తనుగూర్చి వ్రాసినవారిలో చాలమందికి అరబ్బీ రాదు. ఆ మహాచరిత్రకారుడు గిబ్బనుకే రాదు. కావున మ్యూరు శ్రమను తక్కువగా చెప్పుట ధర్మము కాదు. ప్రవక్తయొక్క నిరాడంబరజీవనమును, స్నేహితులయెడ ఆయనకుగల నెనరును, మక్కాలో హింసలకోర్చి నిలిచిన ధైర్యమును మ్యూరు మెచ్చుకొనుచునే వ్రాసెను. ఖురాను మూలపాఠము మార్పు చెందక నిలిచినదని ఆయన గట్టిగా నమ్మెను. నేటికిని ఇస్లాము ప్రచారకులు, శత్రువే ఒప్పుకొన్నాడు చూడుడని, మ్యూరు పుస్తకములోని ఆ యొక్క భాగమును ఎత్తి చూపుచుందురు. తక్కిన పుటలను చూపరు! పుస్తకములను ఇట్లు ముక్కలుగా చదువుట ఏ యొక్క మతమువారి గుణమును కాదు.

ఇక దోషములు. మక్కాలోని ప్రవక్త సత్యాన్వేషి, మదీనాలోని ప్రవక్త రాజ్యకాంక్షచే చెడినవాడు అని మ్యూరు ఆ జీవితమును రెండుగా కోసెను. ఆయన దర్శనములకు సైతాను ప్రేరణ కారణమై యుండునా యను ప్రశ్నను, పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున, చరిత్రగ్రంథమున, నిజముగా చర్చించెను. చివర తీర్పు చెప్పుచు, బహుభార్యాత్వము, విడాకులు, బానిసత్వము ఈ మతముచే స్థిరపడినవనియు, మతవిషయమున స్వతంత్రవిచారమునకు తావు లేకపోయినదనియు, క్రైస్తవమునకు అడ్డుగోడ లేచినదనియు మూడు నేరములు మోపెను. ఈ మూడవది చరిత్రకారుడు మోపదగిన నేర మెట్లగునో నాకు తోచదు.

వీనికంటె ముఖ్యమైనది ఆయన ఆధారములను ఏరుకొనిన రీతి. ప్రవక్తను పొగడు కథలను భక్తులు కల్పించి యుండవచ్చును కాబట్టి వానిని సందేహింపవలెను. ఆయనకు కొఱత తెచ్చు కథ యేదైన నిలిచియున్నచో, దానిని భక్తులు కల్పింపరు కాబట్టి అది నిజమని నమ్మవలెను. ఇది ఆయన సూత్రములలో ఒకటి. వినుటకు న్యాయముగనే యున్నది. న్యాయస్థానములలో కూడ తనకు నష్టము కలిగించు మాట చెప్పినవానిని నమ్ముదురు గదా! కాని ఈ జల్లెడలో ఏమి మిగులునో చూడుడు. మంచి యంతయు క్రిందికి జాఱిపోవును, చెడ్డ యంతయు పైన నిలుచును. ఇట్టి జల్లెడతో ఏ మహాపురుషుని చరిత్రము జల్లించినను ఫలిత మొక్కటే.

సయ్యదు అహమ్మదు సరిగా ఇక్కడనే వ్రేలు పెట్టెను. కొఱత తెచ్చు కథలను భక్తులు కల్పింపకపోవచ్చును, కాని కల్పించువారు భక్తులొక్కరేనా? మతద్రోహులును, కక్షలవారును, ఒక తెగమీద మఱియొక తెగవారును కట్టిన కథలు లెక్కలేనన్ని యున్నవని హదీసు పండితులే వెయ్యేండ్లనాడు వ్రాసిపెట్టిరి. అట్టి కథలు చరిత్రకారుల సంచులలో చేరినవి. వానిని మ్యూరు ఏరి తీసి, నిలిచినవి కాబట్టి నిజమనుచున్నాడు. ఇది ఆయన ఖండనమునకు ప్రాణము. తిట్టుట లేదు, నీవు నమ్మిన సాక్షి యెట్టివాడో మొదట విచారింపుము అనుచున్నాడు.

మఱియొక యుదాహరణము చిన్నదైనను చెప్పక విడువలేను. ప్రవక్త శిశువుగా ఎడారిలో దాది హలీమా యింట పెరుగుచుండగా ఏదో వింత సంభవించెననియు, దాది భర్త భయపడి, బిడ్డకేదో సోకినదేమో, తల్లికి అప్పగించివత్తమనెననియు కథ. ఇచ్చట శిశువునకు మూర్ఛ వచ్చెనని మ్యూరు వ్రాసి, ప్రమాణముగా ఇబ్న్ హిషాములోని ఒక అరబ్బీ పదమును ఉదాహరించెను. సయ్యదు అహమ్మదు జర్మనీలో అచ్చుపడిన ప్రతిని తెఱచి చూచెను. మ్యూరు చెప్పిన పదమే అందు లేదు. ఉన్నది ‘ఉసీబ’ అను పదము. దానికి ఆపద తగులుట, ఏదైన సోకుట అని అర్థము. మూర్ఛరోగమను అర్థము ఆ పదమునకు సహజము కాదు. ఆయన అంతటితో విడువక, ఈ మూర్ఛకథ యెచ్చటిదని వెదకుకొనుచు పోయి, అది గ్రీకు క్రైస్తవుల ప్రచారమనియు, లాటిను అనువాదములందలి పొరపాటులచే బలపడినదనియు చూపెను. గిబ్బను కూడ దానిని గ్రీకుల అపవాదముగానే కొట్టివేసియుండెను. ఒక్క అక్షరము తప్పు చదివినందున ఒక మహాపురుషునికి జీవితకాలపు రోగ మంటినది!

సయ్యదు అహమ్మదునకు ఇంగ్లీషు చక్కగా రాదు. ఉర్దూలో వ్రాసి ఇంగ్లీషులోనికి మార్పింపవలసివచ్చెను. లాటిను గ్రంథములను ఇతరులచే చదివించుకొని అర్థము తెలిసికొనెను. బ్రిటిషు మ్యూజియములోను, ఇండియా ఆఫీసు గ్రంథాలయములోను నెలలతరబడి కూర్చుండెను. గాడ్‌ఫ్రీ హిగ్గిన్సు 1829లో ప్రవక్తపక్షమున వ్రాసిన చిన్నపుస్తకమును ఎట్లో సంపాదించెను. 1840లో కార్లైలు చేసిన ఉపన్యాసము ఆయనకు గొప్ప ఊరట. 1870లో ప్రవక్త జీవితమునుగూర్చిన పండ్రెండు వ్యాసములు లండనున ఒక సంపుటముగా వెలువడెను. అవి ప్రవక్తయొక్క పండ్రెండవయేటి వఱకే వచ్చి ఆగినవి. రెండవ సంపుటము రానేలేదు. ఉర్దూ గ్రంథము 1887లో వెలువడినది.

ఈ ప్రత్యుత్తరమునందును లోపములు కలవు, వానిని దాచుట నా యుద్దేశము కాదు. తనకు రుచింపని కథ వచ్చినపుడు ఆయన పరంపరను పరీక్షించును, బుద్ధికి సరిపడదనును. రుచించిన కథ వచ్చినపుడు ఆ పరీక్ష అంత తీక్ష్ణముగా నుండదు. యూరపువా డెవడైన ఇస్లామును మెచ్చినచో ఆ మెప్పును పుటలకొలది ఉదాహరించును. మెచ్చువా డెంత పండితుడో చూడడు. మ్యూరుకు పక్షపాతము కలదని చెప్పిన నోటితోనే హిగ్గిన్సుకు లేదని చెప్పుట ఎట్లు? ఐనను ఆయన పరమతగ్రంథమును ద్వేషించినవాడు కాడు. 1862లోనే బైబిలునకు వ్యాఖ్యానము వ్రాయ మొదలుపెట్టి, క్రైస్తవుల వేదము పూర్తిగా చెడిపోయినదను తనవారి వాదమునే త్రోసిపుచ్చెను. తన గ్రంథమును ఎదుటివాడు ఎట్లు చదువవలెనని కోరెనో, ఎదుటివాని గ్రంథమును తా నట్లే చదువుటకు ముందుగా ప్రయత్నించెను.

ఇంకొక విశేషము. ఈ వాదము జరుగుచున్న కాలమున మ్యూరు వాయవ్యమండలములకు లెఫ్టినెంటు గవర్నరు. సయ్యదు అహమ్మదు ఆ ప్రభుత్వముక్రిందనే న్యాయాధికారి. ఆయన కుమారుడు మహమూదు ఇంగ్లండుకు చదువబోయినది ఆ మండలపు ప్రభుత్వవిద్యార్థివేతనముతోనే. పై యధికారి పుస్తకమును ఖండించినచో కీడు కలుగునేమో యని శంకింపదగిన స్థితి. ఖండించినవాడు శంకింపలేదు, ఖండింపబడినవాడు కక్ష గట్టలేదు. 1875లో అలీగఢమున విద్యాలయము వెలసినపుడు మ్యూరు దానియెడ సానుభూతినే చూపెను. సయ్యదు అహమ్మదు తన గ్రంథమున మ్యూరు పాండిత్యమును గౌరవించుచునే వ్రాసెను.

ఈ మ్యూరు ప్రభుత్వమే 1868లో, దేశభాషలలో స్త్రీలు సైతము చదువదగిన మంచి గ్రంథములకు బహుమానము లిత్తునని ప్రకటించెను. ఢిల్లీవాడగు నజీరు అహమ్మదు తన కూతుండ్ర చదువుకొఱకు వ్రాసికొనిన ‘మిరాతుల్ ఉరూసు’ అను కథకు వేయి రూపాయలు బహుమతి దొరకెను. అక్కచెల్లెండ్రలో చదువు వచ్చినది ఇల్లు నిలుపుట, రానిది చెఱుచుట అందలి విషయము. ఉర్దూ ఇండ్లలో రెండు మూడు తరముల స్త్రీలు దానిని చదువుకొనిరి. స్త్రీల దుస్థితికి ఇస్లామే కారణమని వ్రాసిన చేయియే ఈ బహుమానపత్రముపై సంతకము చేసినదని తలచినపుడు మనుష్యుని ఒక్క మాటతో కొలుచుట ఎంత కష్టమో తెలియును.

సయ్యదు అహమ్మదు తరువాత ఈ పనిని చేపట్టినవారిలో ఒకరిద్దఱు మన హైదరాబాదుతో సంబంధించినవారు. లండనునుండి ఉత్తరము లందుకొనిన ఆ మెహదీ అలీయే 1874లో హైదరాబాదునకు వచ్చి, సాలారుజంగు ప్రభుత్వమున ఉన్నతపదవుల కెక్కి, మొహసినుల్ ముల్కు అను బిరుదమున ప్రసిద్ధుడయ్యెను. నిజాము ప్రభుత్వమున రెవిన్యూ శాఖలో పనిచేసిన చిరాగు అలీ 1885లో, ప్రవక్త చేసిన యుద్ధములు ఆత్మరక్షణమునకే కాని మతము రుద్దుటకు గావని నిరూపింప ఇంగ్లీషులో ఒక గ్రంథమునే వ్రాసి, సయ్యదు అహమ్మదునకు అంకితమిచ్చెను. అందలి పుటలలో మ్యూరు, స్ప్రెంగరుల పేరులు మాటిమాటికి వచ్చుచుండును. అంతకు రెండేండ్లు ముందు వెలువడిన మఱియొక గ్రంథమున ఇతడు ఇంకను సాహసించెను. బహుభార్యాత్వమును ఖురాను ప్రోత్సహింపలేదనియు, భార్యలందఱియెడ సమానన్యాయము చూపవలెనను నియమమే దానికి నిషేధప్రాయమనియు, బానిసత్వము నిలుచుటకు తావులేదనియు, న్యాయశాస్త్రము కాలానుగుణముగ మాఱవలసినదనియు వాదించెను. మ్యూరు మోపిన నేరమును అబద్ధమని త్రోసివేయుట ఒక మార్గము. ఆ నేరము మతమునకు అంటదు గాని మన ఆచారమునకు అంటుచున్నది, దానిని కడుగుకొందమనుట మఱియొక మార్గము. చిరాగు అలీ రెండవదానిని త్రొక్కెను. 1927లో మిస్ మేయో మన హిందూగృహములనుగూర్చి వ్రాసినపుడు దేశమంతయు మండిపడినది. మండిపడినవారు తప్పు చేయలేదు. ఆమె దృష్టి వక్రమైనదే. కాని రెండేండ్లకు శారదా చట్టము వచ్చి బాలికల వివాహవయస్సు పదునాలుగేండ్లయ్యెను. ఆమె వ్రాయకమునుపే మన సంస్కర్తలు ఆ పని మొదలుపెట్టియుండిరి. ఐనను ఆ పుస్తకము కలిగించిన సిగ్గు కొంత పనిచేయలేదని చెప్పజాలము.

అమీరు అలీ 1873లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, లండనులో న్యాయశాస్త్రము చదువుచునే ప్రవక్తనుగూర్చి ఇంగ్లీషున వ్రాసెను. షిబ్లీ నూమానీ యూరపు రచయిత లందఱిని పరిశీలించి ఉర్దూలో బృహత్తరమగు ప్రవక్తచరిత్రమునకు పూనుకొనెను. ఆ గ్రంథమునకు ధనమిచ్చి పోషించినది భోపాలు రాణి సుల్తాను జహాను బేగము. షిబ్లీ 1914లో మరణించిన పిమ్మట ఆయన శిష్యుడు సులేమాను నద్వీ దానిని కొనసాగించెను.

ఐతే చదువరు లందఱును ఇట్టివారే యని చెప్పినచో అది చరిత్రము కాదు. 1897లో ప్రవక్త భార్యలను నిందించుచు క్రైస్తవమతము పుచ్చుకొనిన ఒకడు ఉర్దూలో పుస్తకము వ్రాసెను. అది మ్యూరు గ్రంథము వంటిది కాదు. అందు చరిత్రము తక్కువ, నింద ఎక్కువ. ఎనుబదేండ్ల సయ్యదు అహమ్మదు దానికి సైతము సమాధానము వ్రాయ కూర్చుండెను. అది పూర్తికాకమునుపే 1898 మార్చి 27న మరణించెను. ఆ యేటనే లాహోరులోని ఒక ముస్లిము సంఘము ఆ పుస్తకమును ఆపవలసినదని ప్రభుత్వమునకు విజ్ఞాపన పంపెను. పదేండ్లకు, 1908లో, మన ‘మిరాతుల్ ఉరూసు’ రచయిత నజీరు అహమ్మదు, వృద్ధుడై, అదే నిందాగ్రంథమునకు జవాబుగా ప్రవక్త భార్యల చరిత్రమును వ్రాసెను. ఢిల్లీ యిండ్లలో మాటాడుకొను చనువైన నుడికారమున వ్రాసెను. ఆ చనువు పూజ్యులయెడ అమర్యాద యని స్వమతపండితులే కోపించిరి. పుస్తకపు ప్రతులను ప్రోగుచేసి బహిరంగముగా కాల్చివేసిరి. మతమును సమర్థించుటకు వ్రాసిన పుస్తకము మతస్థుల చేతనే అగ్గిపాలైనది. జీవితమంతయు ఆడుబిడ్డలకు తేటమాటలలో చదువు చెప్పిన వృద్ధునకు ఆ తేటమాటలే నేరమైనవి. ఈ వృత్తాంతమున నన్ను మిక్కిలి బాధించునది ఇదియే.

1920ల నడుమ లాహోరున ప్రవక్తను పరిహసించు కరపత్రమొకటి వెలువడెను. 1927లో ఉన్నతన్యాయస్థానము దానిని ప్రకటించినవానిని, అప్పటి చట్టమున శిక్షకు తావులేదని, విడిచిపెట్టెను. ఆ సంవత్సరమే శిక్షాస్మృతిలో 295-ఎ అను విభాగము చేర్చబడెను. 1929 ఏప్రిలులో ప్రకటనకర్త కత్తిపోటునకు బలియయ్యెను. పొడిచిన యువకుడు అదే యేట ఉరితీయబడెను. ఆ కరపత్రమును చరిత్రమనుటకు వీలులేదు. కాని ఆ చట్టపువిభాగము నేటికిని మన శిక్షాస్మృతులలో వేఱు అంకెతో నిలిచియున్నది. చరిత్రము వ్రాయువాడును, పరిహాసము వ్రాయువాడును ఆ గుమ్మమునొద్ద ఒకే వరుసలో నిలువవలసినవారే.

ఇక మ్యూరు గ్రంథము ఏమైనదో చూతము. దానికి సంగ్రహప్రతులు వచ్చినవి. సామాన్యులు చదివినవి అవియే. వానియందు మూలాధారముల సూచనలు విడిచివేయబడెను. అనగా సయ్యదు అహమ్మదు ఏ మార్గమున మ్యూరును పట్టుకొనెనో ఆ మార్గము తరువాతి చదువరికి మూసివేయబడినది. తీర్పు మిగిలినది, సాక్ష్యము పోయినది.

పండితలోకమున కథ వేఱుగా నడచెను. 1890లో హంగెరీ దేశపు యూదుపండితుడు గోల్డ్‌జిహెరు, హదీసులలో పెక్కు ప్రవక్తకు తరువాతి రెండు శతాబ్దముల తగవులనుండి పుట్టినవని చూపెను. 1950లో షాఖ్టు అను పండితుడు ధర్మశాస్త్రవిషయమైన హదీసుల పరంపరలనే ఆక్షేపించెను. 1977లో క్రోను, కుక్కు అను ఇరువురు ముస్లిము ఆధారములను పూర్తిగా ప్రక్కకునెట్టి, గ్రీకు, సిరియను, ఆర్మీనియను వ్రాతలతోనే ఇస్లాము పుట్టుక చెప్పజూచిరి. తరువాత ఆ సిద్ధాంతమును వారే నిలబెట్టుకొనలేదు. ఆ యేటనే వాన్స్‌బరో అను వాడు ఖురాను పాఠము స్థిరపడుటకు రెండువందల యేండ్లు పట్టినదనెను. 2015లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమునందలి ఖురాను పత్రముల చర్మమును పరీక్షింపగా అది 568, 645 సంవత్సరముల నడిమిదని తేలినది. ఈ విషయమున మ్యూరు నమ్మకమే నిలిచెను. ఈ కొత్తవారి కంటికి మ్యూరు కఠినవిమర్శకుడు కాడు. చరిత్రకారుల కథలను అతిగా నమ్మిన అమాయకుడు. సాక్షుల నెంచుకొనుటలో మ్యూరు తప్పినాడని సయ్యదు అహమ్మదు 1870లో అన్నమాట ఇంచుమించుగా ఇదియే. ఐతే హదీసులు గట్టినేల యని ఆయన నిలుచున్న చోటును గోల్డ్‌జిహెరు త్రవ్వివేసెను.

ఆ త్రవ్వినచోటికి మఱల హైదరాబాదువాడే వచ్చెను. 1908లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియాలో చదివి, పారిసులో స్థిరపడిన మహమ్మదు హమీదుల్లా గ్రంథాలయములందలి వ్రాతప్రతులను వెదకుటకే జీవితము ధారపోసెను. హదీసులు చాలకాలము నోటిమాటగానే యుండెనని యూరపువారనగా, ప్రవక్త సహచరుని శిష్యుడగు హమ్మాము కూర్చుకొనిన చిన్నసంపుటి ప్రతులను బెర్లినులోను డమాస్కసులోను కనుగొని, తరువాతి మహాసంపుటములతో పోల్చి, 1953లో ప్రకటించెను. ఆ ప్రతులు తరువాతి కాలమున ఎత్తివ్రాసినవి కావున సందేహవాదులు పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆయన వెదకుట మానలేదు. ఇబ్న్ హిషాము సంస్కరింపకమునుపటి ఇబ్న్ ఇస్‌హాకు గ్రంథమునుండి దొరకిన భాగమును, మ్యూరు కాలమున ఎవ్వరును చూడనిదానిని, 1976లో మొరాకో దేశమున అచ్చువేయించెను.